ఫీజు వంద అనుకుంటే: నా ట్రావెల్ కార్డు రెన్యువల్ లెక్క

కొత్త కార్డు తీసుకునేటప్పుడు అందరం లెక్కలు వేస్తాం. వెల్కమ్ బోనస్ ఎంత, లాంజ్‌లు ఎన్ని, పాయింటు విలువ ఎంత అని రాత్రిళ్లు కూర్చుని వీడియోలు చూస్తాం. అదే కార్డు తర్వాతి ఏళ్లలో రెన్యువల్ అయినప్పుడు మాత్రం స్టేట్‌మెంట్‌లో మిగతా ఖర్చుల మధ్య ఫీజు కూడా ఒక లైనుగా వచ్చేస్తుంది, మనమూ కట్టేస్తాం. ఈసారి అలా కట్టబుద్ధి కాలేదు. కట్టే ముందు ఏడాది స్టేట్‌మెంట్లన్నీ డౌన్‌లోడ్ చేసుకుని ఒక్కో లైనూ చూశాను. ఇది ఆ కార్డు మీద రివ్యూ. బ్యాంకు పేరు రాయడం లేదు. ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి, పైగా ఫీజున్న ట్రావెల్ కార్డుల్లో చాలావాటి కథ ఇంచుమించు ఇదే.

నేను ఇంటర్నల్ ఆడిట్‌లో పనిచేస్తాను. ఒకప్పుడు బ్రాంచి ఆఫీసులు తిరగడమే ఉద్యోగం. టికెట్లు, హోటళ్లు నా కార్డు మీద బుక్ చేసుకుని, బిల్లులు పెట్టి ఆఫీసు నుంచి రాబట్టుకునేదాన్ని. ఖర్చు ఆఫీసుది, పాయింట్లు నావి. ఇలాంటి ఉద్యోగాలున్నవాళ్లకి ట్రావెల్ కార్డు అంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఇప్పుడు ఫైళ్లన్నీ స్క్రీన్ మీదకే వస్తున్నాయి. తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే టికెట్ ఆఫీసే నేరుగా తీస్తోంది. మిగిలింది సొంత ప్రయాణాలు, అంటే సొంత డబ్బు. ఈలోగా కార్డు కూడా ఊరుకోలేదు. ఏడాదికోసారి "మీ కార్డు ప్రయోజనాల్లో మార్పులు" అంటూ ఒక మెయిల్ వస్తుంది. నాకు తెలిసి అందులో మంచి వార్త ఎప్పుడూ ఉండదు. ఉంటే సబ్జెక్ట్ లైనులోనే రాసేవారు.

మొదటి ఏడాది లెక్క పక్కన పెట్టాలి. వెల్కమ్ బోనస్‌తో ఏ కార్డైనా బంగారంలాగే కనిపిస్తుంది. ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చూడాలంటే అమెరికాలో చేజ్ బ్యాంకు 2016లో తెచ్చిన సఫైర్ రిజర్వ్ కార్డు చాలు. లక్ష పాయింట్ల బోనస్ ప్రకటించేసరికి జనం ఎగబడ్డారు. కార్డులు చేసే మెటల్ అయిపోయి కొన్నాళ్లు ప్లాస్టిక్ కార్డులు పంపాల్సి వచ్చింది. కొన్ని నెలలకే బోనస్ సగమైంది. 2025 నాటికి వార్షిక ఫీజు మొదటి ఫీజు కంటే దాదాపు 77 శాతం పెరిగింది. దానికి బదులుగా రకరకాల క్రెడిట్లు, కూపన్లు చేర్చారు. ఫీజు పెరుగుతుంది, కూపన్లు పెరుగుతాయి. నా కార్డు వెళ్లిందీ ఇదే దారిలో.

లెక్క తేలిగ్గా ఉండాలని కార్డు వార్షిక ఫీజును, దాని మీద పన్నుతో సహా, వంద అనుకున్నాను. ఎవరి కార్డు ఏదైనా, ఏ దేశంలో ఉన్నా ఈ పద్ధతి పనికొస్తుంది. ఎక్సెల్‌లో మూడు కాలమ్‌లు పెట్టాను. మొదటిది బ్యాంకు చెప్పే విలువ. రెండోది, ఆ సౌకర్యం కార్డు ఇవ్వకపోతే నేను జేబులోంచి ఎంత పెట్టి కొనేదాన్ని అన్నది. మూడోది, వచ్చే ఏడాది దాన్ని నిజంగా వాడతానా అన్నది. బ్రోషర్లు చూపించేది మొదటి కాలమ్. మిగతా రెండూ మనమే నింపుకోవాలి. బ్యాంకు లెక్కలో నా వంద మూడొందలకు పైగా అవుతుంది. నా లెక్కలో ఏమైందో చెప్తాను.

ముందుగా హోటల్ వోచర్. బ్యాంకు దాని విలువ 40 అంటుంది. అంటే ఫీజులో దాదాపు సగం ఒక్క దెబ్బతో వెనక్కి వచ్చినట్టే. దీన్ని ఎలా వాడానో కాస్త వివరంగా చెప్పాలి. వోచర్ పనిచేసేది బ్యాంకు సొంత ట్రావెల్ పోర్టల్‌లోనే. కనీసం రెండు రాత్రులు ఉండాలి. డబ్బు ముందే కట్టాలి, క్యాన్సిల్ చేస్తే వోచర్ పోయినట్టే. ఒక కుటుంబ ప్రయాణానికి నేను చూసుకున్న హోటల్ ఆ పోర్టల్‌లో దొరికింది. సంతోషించాను. పక్క ట్యాబ్‌లో హోటల్ వాళ్ల సొంత సైట్ తెరిస్తే అదే గది, అవే తేదీలు, రేటు మాత్రం తక్కువ. అక్కడ బ్రేక్‌ఫాస్ట్ కూడా కలిపి ఇస్తున్నారు, చివరి రోజు వరకూ ఉచితంగా క్యాన్సిల్ చేసుకోవచ్చు. పోర్టల్ రేటులోంచి వోచర్ తీసేసి చూస్తే మిగిలిన లాభం 12. పైగా పోర్టల్ ద్వారా బుక్ చేస్తే చాలా హోటల్ చెయిన్లు దాన్ని మూడో మనిషి బుకింగ్ కింద లెక్కేస్తాయి. వాళ్ల మెంబర్‌షిప్ పాయింట్లు ఇవ్వవు, ఉన్న రాత్రులు ఆ మెంబర్‌షిప్ లెక్కలోకి రావు. వెళ్లాక రిసెప్షన్‌లో లేట్ చెక్-అవుట్ అడిగితే "మీ బుకింగ్ ఏజెంటు ద్వారా వచ్చింది, వాళ్లని అడగండి" అన్నారు. ఏజెంటు అంటే నా బ్యాంకు. రాత్రి పదకొండుకి బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గది గురించి మాట్లాడే ఓపిక నాకు లేదు. వోచర్‌కి 12 వేశాను, అదీ వచ్చే ఏడాది కూడా రెండు రాత్రుల ప్రయాణం ఉంటుందన్న నమ్మకంతో.

లాంజ్ దగ్గరకి వస్తే ఇక్కడే మా ఇంట్లో పెద్ద వాదన. మా వారికి లాంజ్ అంటే ప్రాణం. "ఎయిర్‌పోర్టులో మనశ్శాంతిగా కూర్చునే చోటు అదొక్కటే" అంటారు. ఆ మాట ఒకప్పుడు నిజం. ప్రయారిటీ పాస్ లాంటి లాంజ్ ప్రవేశ ప్రోగ్రామ్‌లు 1992 నుంచి ఉన్నాయి, అప్పట్లో అవి ఎప్పుడూ విమానాల్లోనే ఉండే కొద్దిమంది వ్యవహారం. తర్వాత ప్రతి బ్యాంకూ కార్డుతో పాటు లాంజ్‌ని పంచిపెట్టింది. అందరికీ ఇచ్చాక లాంజ్‌కీ గేటు దగ్గరి కుర్చీలకీ తేడా ఏముంటుంది? ఈ మధ్య నేను వెళ్లిన లాంజ్ బయట క్యూ ఉంది. లోపలికి వెళ్తే ప్లగ్ పాయింట్ ఉన్న కుర్చీలన్నీ నిండిపోయాయి. కాఫీ మెషీన్ దగ్గర ఇంకో క్యూ. అందుకే ఇచ్చినవాళ్లే ఇప్పుడు వెనక్కి లాక్కుంటున్నారు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ తన సెంచూరియన్ లాంజ్‌లలో, నిర్ణీత మొత్తం ఖర్చు చేయని సభ్యులకు 2023 నుంచి అతిథుల మీద ఛార్జీ పెట్టింది. డెల్టా ఎయిర్‌లైన్స్ 2025 ఫిబ్రవరి నుంచి అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ప్లాటినం కార్డు మీద తన లాంజ్‌లైన స్కై క్లబ్‌లకు ఏడాదికి 10 సార్లే అన్నది. పరిమితి లేకుండా కావాలంటే కార్డు మీద భారీగా ఖర్చు చేయాలి.

నా కార్డులో వచ్చిన మార్పు ఇంకో రకం. లాంజ్ ఉచితమే, కానీ అంతకు ముందు మూడు నెలల్లో కార్డు మీద ఇంత ఖర్చు పెట్టి ఉండాలి అన్నారు. అలాంటి మెయిల్ ఒకటి వచ్చినట్టుంది. అమ్మని తీసుకుని వెళ్తున్నప్పుడు లాంజ్ డెస్క్ దగ్గర కార్డు ఇచ్చాను. ఆ అమ్మాయి స్వైప్ చేసింది, మెషీన్ ఏదో చెప్పింది, మళ్లీ స్వైప్ చేసింది. తర్వాత స్క్రీన్ మా వైపు తిప్పి "ఎలిజిబుల్ కాదని వస్తోంది మేడమ్" అంది. పక్కన అమ్మ, వెనకాల క్యూ. డబ్బు కట్టి వెళ్లొచ్చు, ఒకరికి రేటు ఎంతో డెస్క్ మీద రాసే ఉంది. అమ్మ ఆ రేటు చదివి "మనం బయటే కూర్చుందాం పద" అంది. బయటే కూర్చున్నాం. టీ తాగాం, బిస్కెట్లు తిన్నాం. లాంజ్ రేటులో అయిదో వంతు కూడా అవలేదు. అసలు లాంజ్ విలువ ఎంతో ఆ రోజు నాకు ఖచ్చితంగా తెలిసింది. డబ్బు కట్టి వెళ్లమంటే నేను వెళ్లను. కాబట్టి ప్రతి లాంజ్ ప్రవేశానికీ బ్యాంకు వేసే రేటు నేను వేయకూడదు. లాంజ్ లేకపోతే బయట టీకి, తిండికి ఎంత పెడతానో అంతే వేయాలి. బ్యాంకు చెప్పే 80కి నేను 15 వేశాను. మా వారు 30 వేయమన్నారు. చాలాసేపు విమానం ఆలస్యమైన రోజు స్నానం చేయగలగడానికి విలువ కట్టలేం అన్నది ఆయన వాదన. వాదనలో పస ఉంది, కానీ అలాంటి రోజు ఏటా రాదు.

ఇక పాయింట్లు. ఈ కార్డుకి ప్రాణం అవే. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ ప్రోగ్రామ్ మొదలైనప్పుడు లెక్క సూటిగా ఉండేది. ఎన్ని మైళ్లు ఎగిరితే అన్ని మైళ్లు ఖాతాలో. ఆ మైళ్లతో ఎక్కడికి టికెట్ తీసుకోవాలంటే ఎన్ని కావాలో చార్టులో ఉండేది. 1987లో సిటీబ్యాంక్ కార్డు దానికి జత కలిసింది, విమానం ఎక్కకుండానే మైళ్లు రావడం మొదలైంది. ఇప్పుడు చాలాచోట్ల ఆ చార్టులే లేవు. డెల్టా 2015లో తన చార్టును వెబ్‌సైట్ నుంచి తీసేసింది, యునైటెడ్ 2019లో అదే పని చేసింది. టికెట్ ధర పెరిగితే అడిగే పాయింట్లూ పెరుగుతాయి. నిన్న ఒక సంఖ్య, ఇవాళ ఇంకో సంఖ్య. పాయింటు విలువ ఇంత అని ఎవరైనా చెప్తే, ఏ రోజు, ఏ రూటు అని అడగాలి.

పాయింట్లు దాచుకునేవాళ్లకి (వాళ్లలో మా వారు అగ్రగణ్యులు) నేను చెప్పే కథలు రెండు. 2017 ఆగస్టులో ఎయిర్ బెర్లిన్ దివాలా తీసినప్పుడు కొద్ది రోజుల్లోనే దాని టాప్‌బోనస్ ప్రోగ్రామ్ కూడా దివాలా తీసింది, జనం మైళ్లు వాడుకునే దారి మూసుకుపోయింది. రెండో కథ 2020లోది. కోవిడ్‌తో విమానాలన్నీ నేల మీద నిలబడినప్పుడు యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ ప్రోగ్రామ్‌ను తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. ఎగరని రోజుల్లో కూడా అప్పు పుట్టించిందంటే ఆ వ్యాపారం ఎంత లాభసాటిదో ఊహించుకోవచ్చు. ఎయిర్‌లైన్లు బ్యాంకులకు మైళ్లు అమ్ముతాయి, బ్యాంకులు వాటిని మనకి పంచుతాయి. మైళ్లు అనే ఆ నోట్లు అచ్చువేసేది వాళ్లే, వాటి విలువ తగ్గించేదీ వాళ్లే. మన దగ్గర ఉంచుకుంటే వడ్డీ కూడా రాదు.

అసలు ఆ మైళ్లు కొనడానికి బ్యాంకులకి డబ్బు ఎక్కడిదంటే, చాలా వరకూ మనం కార్డు గీకిన దుకాణదారు కట్టే కమిషన్‌లోంచి. ఆ కమిషన్‌లో మన బ్యాంకుకి వచ్చే వాటాని ఇంటర్‌చేంజ్ అంటారు. యూరోపియన్ యూనియన్ 2015లో వినియోగదారుల క్రెడిట్ కార్డుల మీద దాన్ని 0.3 శాతానికి మించకూడదంది. ఆస్ట్రేలియా 2003లోనే కోత పెట్టింది. అక్కడ కార్డులు ఇచ్చే పాయింట్లు తగ్గాయి. కార్డు ఇచ్చే రివార్డులు మీరుండే దేశం చట్టాన్ని బట్టి కూడా ఉంటాయి కాబట్టి, ఇంకో దేశంలో ఉన్నవాళ్ల వీడియో చూసి ఇక్కడి కార్డుని అంచనా వేయడం కుదరదు.

నా కార్డులో పాయింట్లు వాడుకోవడానికి మూడు దారులున్నాయి. కేటలాగ్‌లో మిక్సీలు, సూట్‌కేసులు, గిఫ్ట్ వోచర్లు. ఇది అన్నిటికన్నా దండగ. స్టేట్‌మెంట్‌లో డబ్బుగా జమ చేసుకోవడం. దీంట్లో రేటు తక్కువ, తలనొప్పి ఉండదు. ఎయిర్‌లైన్ ఖాతాకి మార్చుకోవడం. దీంట్లో రేటు ఎక్కువ, పని కూడా ఎక్కువ. ఎయిర్‌లైన్‌కి మార్చాక పాయింట్లు వెనక్కి రావు, అందుకే ముందు సీటు ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే మార్చాలి. మొదట్లో నా కార్డు ఒక పాయింటుకి ఒక మైలు ఇచ్చేది. ఇప్పుడు రెండు పాయింట్లిస్తే ఒకటి. ఒక్క మెయిల్‌తో నా ఖాతాలో ఉన్నదంతా సగమైంది. ఫోన్‌లో పాయింట్ల సంఖ్య మాత్రం అంతే చూపిస్తోంది.

కిందటి ఏడాది ఖర్చు మీద వచ్చిన పాయింట్లు, నేను నిజంగా వాడే పద్ధతిలో, 55 విలువ చేస్తాయి. ఇక్కడితో ఆపితే కార్డుది పైచేయి అనిపిస్తుంది. కానీ అదే ఖర్చు నా దగ్గరున్న ఫీజులేని క్యాష్‌బ్యాక్ కార్డు మీద పెట్టి ఉంటే 35 వచ్చేది. అందుకని పాయింట్లకి 20 మాత్రమే వేశాను. ఈ తీసివేత చాలామంది వేయరు. ఆడిటర్ బుద్ధి అనుకోండి, "దీనికి బదులు ఏముంది" అని చూడకుండా ఏ అంకెనీ ఒప్పుకోలేను. అద్దె, ఇన్సూరెన్స్ ప్రీమియం, ఇంధనం, వాలెట్ లోడ్ లాంటి వాటి మీద ఇప్పుడు పాయింట్లు రావని షరతుల్లో చేర్చారు. ఏవేవి తీసేశారో మీ కార్డు తాజా షరతుల్లో చూసుకోవాలి, కార్డు తీసుకున్న రోజు చదివినవి చెల్లవు. ఇదంతా బిల్లు మొత్తం గడువులోపు కట్టేవాళ్లకి. బ్యాలెన్స్ తర్వాతి నెలకి మోసేవాళ్లకి ఈ రివ్యూ అక్కర్లేదు, వడ్డీ ముందు ఏ పాయింట్లూ నిలవవు.

కార్డు మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉన్న చోటు ఒకటుంది. విదేశీ కరెన్సీలో ఖర్చు పెడితే మార్కప్, అంటే మారకం రేటు మీద బ్యాంకు వేసుకునే అదనపు ఛార్జీ, లేదు. మామూలు కార్డులు చాలావాటిలో 3 శాతం, ఆ పైన కూడా ఉంటుంది. నేను నమ్మకుండా పరీక్షించాను. వీసా, మాస్టర్‌కార్డ్ రెండూ తమ వెబ్‌సైట్లలో రోజువారీ మారకం రేటు లెక్కించే పేజీ పెడతాయి. హోటల్ బిల్లు తేదీ, మొత్తం అందులో వేసి, మార్కప్ సున్నా పెట్టి చూస్తే స్టేట్‌మెంట్‌లో పడిన మొత్తంతో సరిపోయింది. చెప్పింది చెప్పినట్టు చేసింది. బ్యాంకు విషయంలో ఈ వాక్యం నేను తరచుగా రాయను.

ఈ లాభాన్ని మన చేత్తో మనమే పోగొట్టుకునే చోటు కూడా చెప్పాలి. విదేశంలో దుకాణంలో కార్డు పెడితే మెషీన్ స్క్రీన్ మీద రెండు వరుసలు వస్తాయి. పైన ఆ దేశం కరెన్సీలో మొత్తం, కింద మన కరెన్సీలో మొత్తం. మన కరెన్సీలో చూస్తే ప్రాణానికి హాయిగా ఉంటుంది, వేలు అటే పోతుంది. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. మారకం చేసేది మన బ్యాంకు కాదు, ఆ మెషీన్ వెనక ఉన్న కంపెనీ. వాళ్ల లాభం కలుపుకున్న రేటే మనకి పడుతుంది. మార్కప్ లేని కార్డుండీ కింది వరుస నొక్కితే ఆ లాభం పోయినట్టే. కొన్ని కార్డులు మన కరెన్సీలో కట్టినా, లావాదేవీ విదేశంలో జరిగింది కాబట్టి మళ్లీ ఫీజు వేస్తాయి. ఒకచోట క్యాషియర్ నన్ను అడగకుండానే మన కరెన్సీ నొక్కేశాడు. రద్దు చేసి మళ్లీ పెట్టమన్నాను. విసుక్కున్నాడు, చేశాడు. మార్కప్ మిగులు కిందటి ఏడాది లెక్కలో 18.

ప్రయాణ బీమా గురించి తొందరగా చెప్పేస్తాను. ఒకసారి బ్యాగు రాలేదు. ఎయిర్‌పోర్టులో బెల్టు దగ్గర్నుంచి కదలకముందే కౌంటర్‌లో ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు, అంటే బ్యాగు రాలేదన్న ఫిర్యాదు, రాయించాను. అది లేకపోతే క్లెయిమ్ నడవడం కష్టం. కార్డు బీమా నుంచి కొన్న బట్టలకి డబ్బు వచ్చింది, చాలా కాగితాల తర్వాత. టికెట్ ఆ కార్డు మీదే తీసి ఉండాలన్నది మొదటి షరతు. అయితే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో బ్యాగు ఆలస్యమైతే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. బ్యాగు చేతికొచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఏ కార్డూ లేనివాళ్లకి కూడా ఈ హక్కు ఉంది. అందుకని బీమాకి 5 మించి వేయలేకపోయాను. ఆసుపత్రి ఖర్చుకి ఎలాగూ విడిగా ట్రావెల్ పాలసీ తీసుకుంటాను, కార్డు ఇచ్చే దాన్ని నమ్ముకుని దేశం దాటను.

మొత్తం కలిపితే 12, 15, 20, 18, 5. డెబ్బై. వందకి ముప్పై తక్కువ.

ఒకప్పుడు ఇదే కార్డు వందకి పైనే ఇచ్చేది. రెన్యువల్ ఫీజు కట్టగానే 40 విలువ చేసే పాయింట్లు ఊరికే జమ చేసేవారు. ఆ డెబ్బైకి ఈ నలభై కలిస్తే నూట పది, ఆలోచించాల్సిన పనే ఉండేది కాదు. ఇప్పుడా పాయింట్లు ఏడాది ఖర్చు ఒక గీత దాటితేనే. ఆఫీసు టికెట్లు నా కార్డు మీద పోయే రోజుల్లో ఆ గీత నేను ఏడాది సగంలోనే దాటేసేదాన్ని. ఇప్పుడు దాటాలంటే అవసరం లేనివి కొనాలి. అవసరం లేని ఖర్చు పెట్టి తెచ్చుకునే నలభైని ఆదాయం అనడానికి నా వృత్తి ఒప్పుకోదు.

ఫీజు పడకముందే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. కార్డు మూసేయాలంటే ఒక అంకె నొక్కాలి. అది నొక్కితే లైను తొందరగా కలిసింది, మిగతా రోజుల్లో ఈ వేగం ఎక్కడికి పోతుందో తెలీదు. అవతలి అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మేడమ్, మీరు మా పాత కస్టమర్. మీకోసం ఫీజులో సగం మాఫీ చేస్తాం. మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తే చాలు."

"ఖర్చు షరతు లేకుండా సగం మాఫీ చేయండి, ఉంచుకుంటాను."

ఈ మాట బేరానికి అనలేదు. డెబ్బై విలువ చేసేది యాభైకి వస్తే ఎందుకు వదులుకుంటాను? ఆ అబ్బాయి హోల్డ్‌లో పెట్టి వెళ్లి వచ్చాడు. "సిస్టమ్‌లో ఆ ఆప్షన్ రావడం లేదు మేడమ్. కావాలంటే ఫీజులేని కార్డుకి మార్చగలను" అన్నాడు. డౌన్‌గ్రేడ్ అన్నమాట. ఖాతా అదే, లిమిట్ అదే, పాత చరిత్ర అలాగే ఉంటుంది. మూసేస్తే ఆ లిమిట్ పోతుంది, మిగతా కార్డుల మీద వాడకం నిష్పత్తి (మొత్తం లిమిట్‌లో ఎంత వాడుతున్నామన్నది) పెరిగి క్రెడిట్ స్కోరు మీద కాస్త దెబ్బ పడొచ్చు. త్వరలో ఇంటికో, కారుకో లోన్ పెట్టుకోబోయేవాళ్లు ఇది చూసుకోవాలి. మాకు అలాంటిదేమీ లేదు, అయినా డౌన్‌గ్రేడ్‌లో పోయేదేమీ కనిపించలేదు.

"పాయింట్లు ఏమవుతాయి?" అని అడిగాను. ఖాతాలో ఉంటాయట, కానీ చిన్న కార్డు నుంచి ఎయిర్‌లైన్‌కి మార్చే వీలు లేదట. ఇది నేను అడిగితే చెప్పాడు. అడగకపోతే చెప్పేవాడో లేదో. అందుకే ఆ రోజు మార్పుకి ఒప్పుకోకుండా ఫోన్ పెట్టేశాను. ముందు అమ్మ ప్రయాణానికి సీట్లు వెతికి, దొరికాక సరిగ్గా కావలసినన్ని పాయింట్లే ఎయిర్‌లైన్‌కి మార్చాను. మిగిలినవి స్టేట్‌మెంట్‌లో డబ్బుగా వేసుకున్నాను. రేటు తక్కువే, కానీ ఇంకో మెయిల్ వచ్చేలోపు చేతిలో పడ్డ డబ్బు. కార్డు మీద నెలనెలా వెళ్లే సబ్‌స్క్రిప్షన్లు ఇంకో కార్డుకి మార్చాను. మా వారి దగ్గరున్న యాడ్-ఆన్ కార్డు కూడా ఆగిపోతుందని ఆయనకి చెప్పాను. "మరి లాంజో?" అన్నారు. ఆ మూడు నెలల ఖర్చు షరతు ఉన్నాక లాంజ్ ఎలాగూ లాటరీయేనని గుర్తుచేస్తే ఊరుకున్నారు. తర్వాత మళ్లీ ఫోన్ చేసి డౌన్‌గ్రేడ్ చేయించి, రిక్వెస్ట్ నంబరు రాసుకున్నాను. మార్పు అమలయ్యేలోపు ఫీజు పడనే పడింది. నంబరు చూపిస్తే తర్వాతి స్టేట్‌మెంట్‌లో వెనక్కి వేశారు.

నా రేటింగ్ అయిదుకి రెండున్నర. రెండు మార్కప్ సున్నాకి, అర బీమాకి. ఉద్యోగం మీద తిరుగుతూ, బిల్లులు కంపెనీ కట్టేవాళ్లకి ఇదే కార్డు నాలుగు నక్షత్రాలది, ఖర్చు గీత వాళ్లు అనుకోకుండానే దాటేస్తారు, లాంజ్ షరతూ అలాగే తీరిపోతుంది. ఏడాదికి ఒకటి రెండు సెలవులకి వెళ్లే కుటుంబాలకి ఒకటిన్నర. వాళ్లు పాయింట్లు కూడేసరికి వాటి విలువ తగ్గించే మెయిల్ వస్తుంది.

మార్కప్ లేని కార్డు అవసరం నాకు ఇంకా ఉంది. ఫీజు లేకుండా అదొక్కటే ఇచ్చే కార్డులు ఇప్పుడు కొన్ని వస్తున్నాయి. రెండిటి షరతులు ప్రింట్ తీసి పెట్టుకున్నాను. ఒకదాంట్లో ఏటీఎం నుంచి విదేశీ నగదు తీస్తే ఛార్జీ ఉంది, రెండోదాంట్లో మార్కప్ సున్నా మొదటి ఏడాదికేనని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో రాశారు. మొదటిదానికే అప్లై చేస్తున్నాను, నగదుకి డెబిట్ కార్డు ఉంది.